జోడీదారు గ్లాసు

"నాలుగింటికి పోరణ్ని కోర్టుకు తీస్కపోతరంట బిడ్డా. ఒక్కసారి లోపలికి పోయిండంటే వాని బతుకు ఆగమైతది."

బుచ్చిరాములు ఈ మాట అనడం పొద్దుటి నుంచి అది ఎన్నోసారో డిటెక్టివ్ విజయశ్రీ లెక్కపెట్టడం మానేసింది. విసుక్కోవాలనిపించలేదు. కన్న కొడుకు లాకప్పులో ఉన్నవాడు అదే మాట అనకపోతే ఇంకేమంటాడు? ఆవిడ గోడ గడియారం వైపు చూసింది. ఒంటిగంట దాటింది. మూడు గంటల్లోపు నరేశ్ నిర్దోషి అని తేల్చాలి. లేదంటే పాతికేళ్లు కూడా నిండని ఆ కుర్రాడి నెత్తిన హత్యాయత్నం కేసు కూర్చుంటుంది.

ఇద్దరూ నిలబడింది హోటల్ రేవా గ్రాండ్ ఎనిమిదో అంతస్తు రెస్టారెంటులో. మొన్న రాత్రి నర్సింగం శేఠ్ విందు ఇచ్చింది ఇక్కడే. ఒకప్పుడు లింబాయత్‌లో ఇంకొకరి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, షిఫ్టు పని, వాళ్ల మాటలో పాళీ, చేసిన మనిషి. ఇప్పుడు సొంత కార్ఖానా ఉంది, ఊరి బయట జోల్వాలో రెండోది తెరవబోతున్నాడు. ఆ సంతోషంతో తెలిసిన వాళ్లందరినీ పిలిచి భోజనం పెట్టాడు. లేచి నాలుగు మాటలు మాట్లాడాడు. చప్పట్లు మోగాయి. ముందున్న గ్లాసెత్తి తాగాడు. పది నిమిషాల్లో అదే బల్ల మీద తలవాల్చి పడిపోయాడు. మనిషికి ముందే గుండె జబ్బు. అప్పటి నుంచి ఆస్పత్రిలో కళ్లు తెరవలేదు.

ఆయన ముందున్న గ్లాసులో మజ్జిగ, మజ్జిగలో నిద్రమాత్రల పొడి. ఆ బల్లకు వడ్డించిన వెయిటరు నరేశ్, గోడాదరాలో ఉండే బుచ్చిరాములు కొడుకు. బుచ్చిరాములును కిందటి నెలలోనే నర్సింగం పనిలోంచి తీసేశాడు, చూపు ఆనడం లేదని. నరేశ్ కార్ఖానా గేటు ముందు నిలబడి నలుగురూ వింటుండగా శేఠ్‌ను నానా మాటలూ అన్నాడు. పైగా అతని సంచిలో వాళ్లమ్మ వెంకటవ్వ వేసుకునే నిద్రమాత్రల పట్టీ దొరికింది. ఇంకేం కావాలి పోలీసులకు?

"మేడమ్‌కు ఇంకా ఆశ చావలేదన్నట్టు."

కిటికీ దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్న రవీంద్ర అన్న మాట అది. అతనూ డిటెక్టివే. నాలుగేళ్లు విజయశ్రీతో ఒకే ఆఫీసులో పనిచేసి, ఆవిడ దగ్గర నేర్చుకోవలసిందంతా నేర్చుకుని, పోతూ పోతూ ఇద్దరు క్లయింట్లను కూడా వెంటబెట్టుకుపోయిన ఘనుడు. ఈ కేసులో అతన్ని పెట్టుకున్నది నర్సింగం కొడుకు మహేశ్. పోలీసులకు నరేశ్ వైపు దారి చూపించిందీ రవీంద్రే.

"ఆశ గురించి తర్వాత మాట్లాడుకుందాం. నరేశ్ ఏమంటున్నాడో నువ్వు ఒక్కసారైనా విన్నావా?" అంది విజయశ్రీ.

"విన్న. శేఠ్ ముందర తను మజ్జిగ పెట్టలేదట, కేసరి లస్సీ పెట్టిండట. మరి శేఠ్ ముందర దొరికింది ఏంది? మజ్జిగ. తెల్లటిదాన్ని పసుపుపచ్చ అంటుంటే నేనేం చెయ్యాలె?"

"కెమెరాలో?"

"నరేశ్ గ్లాసు పెట్టడం ఉంది. వీపు అడ్డమొచ్చి గ్లాసు కనవడది. తర్వాత అందరూ చప్పట్లు కొట్టనీకి లేచి నిలబడ్డరు. ఇగ మొత్తం వీపులే."

విజయశ్రీ పోలీసుల తాడు ఇంకా కట్టి ఉన్న బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. మధ్యలో నర్సింగం కుర్చీ. కుడిపక్క భార్య పద్మారాణి, ఎడమపక్క రాజనర్సు. రాజనర్సు అంటే నర్సింగం ప్రాణస్నేహితుడు, కార్ఖానాలో సాంచాలు బిగించే మాస్టరు. ఆయన కుర్చీ పక్కన లావుపాటి స్తంభం. స్తంభం వెనక పానీయాలు కలిపే కౌంటరు. కౌంటరు దగ్గర ఏం జరిగినా కెమెరాకు కనపడదు.

"ఆ రాత్రి బల్ల ఫొటో ఉందిగా నీ దగ్గర? చూపించు."

రవీంద్ర ఇష్టం లేకుండానే ఫోను అందించాడు. నర్సింగంను మోసుకుపోయిన వెంటనే హోటల్ వాళ్లు తీసిన ఫొటో. ఎంగిలి పళ్లేలు, ఒరిగిన పూలగుత్తి, నర్సింగం చోట సగం ఖాళీ అయిన తెల్లటి గ్లాసు. విజయశ్రీ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి ఎడమవైపుకు జరిపింది. రాజనర్సు చోట ఒక గ్లాసు ఉంది. నిండుగా, పసుపుపచ్చగా.

"రాజనర్సు కాకను పిలిపించమన్నాను కదా. వచ్చాడా?"

"బయట కూసున్నడు. ఆయనతో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలె. ముందే చెప్తున్న, తర్వాత నన్ననొద్దు."

ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు. నలభై ఏళ్లు సాంచాల మోతలో బతికిన చెవులు రాజనర్సువి. తెల్లటి ధోవతి, మెడలో తువ్వాలు, నూనె మరకలు వదలని వేళ్లు. వచ్చి తను ఆ రాత్రి కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. బుచ్చిరాములును చూడగానే లేచి అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒకరి కొడుకు లాకప్పులో, ఒకరి స్నేహితుడు ఆస్పత్రిలో. ఇద్దరి మధ్యా కోపమేమీ ఉన్నట్టు లేదు.

"కాకా, నీకు చక్కెర బీమారి ఉంది కదా?" విజయశ్రీ గొంతు పెంచింది.

"పదేండ్లాయె."

"మరి లస్సీ ఎందుకు తీసుకున్నావు?"

"తాగలే బిడ్డా. పెదవికి తాకిచ్చి పెట్టిన. సంబురం పూట ముట్టకుంటే బాగుండది గదా."

"నీకు లస్సీ ఎవరు పెట్టారు?"

రాజనర్సు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అన్నాడు. ఆవిడ మళ్లీ అడిగేలోపే రవీంద్ర అడ్డం వచ్చాడు.

"ముసలాయన లస్సీ కథ ఎందుకు మేడమ్? నిద్రమాత్రలు కలిసింది మజ్జిగల. పడిపోయింది శేఠ్. ఇచ్చింది నరేశ్. పగ ఉంది, మందు ఉంది, అవకాశం ఉంది. ఇంక మీరు ఈడ వెతికేది ఏంది?"

"నువ్వు వెతకనిది."

"నేను వెతకనిది లేదు."

"అయితే చెప్పు. చక్కెర జబ్బు ఉన్న మనిషి ముందు నిండు లస్సీ గ్లాసు ఎందుకుంది?"

రవీంద్ర తన ఫోను అందుకుని మళ్లీ చూశాడు. ఆ ఫొటో తన ఫోనులో రెండు రోజులుగా ఉంది మరి. "ఎవరో పొరపాటున పెట్టి ఉంటరు" అన్నాడు చివరికి, అంత గట్టిగా కాదు.

విజయశ్రీకి లోపల ఏదో కదిలింది గానీ అది చేతికి చిక్కలేదు. బుర్ర వేడెక్కింది. హోటల్ మనిషిని పిలిచి చక్కెర వెయ్యని నాలుగు టీలు తెమ్మంది. గడియారం ముల్లు రెండు మీదికి వచ్చింది. బుచ్చిరాములు దాన్నే చూస్తున్నాడు. ఆయన ముఖం చూడటానికి ఆవిడకు ధైర్యం చాలలేదు. నాలుగయ్యేసరికి తన చేతిలో ఏమీ లేకపోతే వెంకటవ్వకు ఏం చెప్పాలి?

టీలు వచ్చాయి. అంత పెద్ద హోటల్లో అంత చిన్న కప్పులు ఎందుకిస్తారో వాళ్లకే తెలియాలి. వెయిటరు ఒక కప్పు బుచ్చిరాములు ముందు పెట్టాడు, ఒకటి రాజనర్సు ముందు పెట్టాడు. బుచ్చిరాములు గడియారం మీంచి చూపు తిప్పకుండానే తన కప్పు తీసి రాజనర్సు ముందు పెట్టాడు. రాజనర్సు కిటికీలోంచి చూస్తూనే తన కప్పు తీసి బుచ్చిరాములు ముందు పెట్టాడు. తర్వాత ఇద్దరూ తాగడం మొదలుపెట్టారు.

విజయశ్రీ చేతిలోని కప్పు అక్కడే ఆగిపోయింది.

"కాకా, ఇప్పుడు మీరిద్దరూ ఏం చేశారు?"

"చాయ్ తాగుతున్నం" అన్నాడు రాజనర్సు, దీనికి కూడా ప్రశ్నా అన్నట్టు.

"కప్పులు ఎందుకు మార్చుకున్నారు?"

ఇద్దరు పెద్దమనుషులూ తమ కప్పుల వైపు చూసుకున్నారు. అప్పుడు తెలిసింది వాళ్లకు, మార్చుకున్నామని. బుచ్చిరాములు తడబడుతూ, "అలవాటు బిడ్డా. నేను, రాజనర్సన్న ఒక జోడీ. నర్సింగం శేఠ్ అయినంక రాజనర్సన్న పక్క సాంచాల మీద నేను నిలబడ్డ. పాళీల చాయ్ వస్తే ఒకడు తాగాలె, ఇంకొకడు ఇద్దరి సాంచాలు చూడాలె. చేతికొచ్చిన గ్లాసు జోడీదారుది. తనది తను తాగడు ఎవ్వడు. రెండు గ్లాసులొస్తే నీది నాకు, నాది నీకు" అన్నాడు.

విజయశ్రీ కళ్లు మూసుకుంది. వాళ్ల నాన్నా లింబాయత్‌లో సాంచాల మీద పనిచేసినవాడే. ఆదివారం ఆయన జోడీదారు ఇంటికొస్తే అమ్మ ఇచ్చిన చాయ్ గ్లాసులు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మారడం ఆవిడ చిన్నప్పుడు ఎన్నిసార్లు చూసిందో. చూసీ చూసీ చూడటం మానేసింది. తన తెలివికి తనే నాలుగు మొట్టికాయలు వేసుకోవాలనిపించింది.

"కాకా, బుచ్చిరాములు కాక కంటే ముందు నీ జోడీ ఎవరు?"

"ఇంకెవరు? నర్సింగమే. పద్దెనిమిదేండ్లు."

"మొన్న విందులో నర్సింగం శేఠ్ నీతో గ్లాసు మార్చుకున్నాడా?"

"మార్చుకోకుంట ఎట్లుంటడు? శేఠ్ అయినా ఆ రివాజు మాత్రం ఇడవలే."

"ఈ మాట పోలీసులకు చెప్పలేదేం?"

"గిదేం మాట బిడ్డా చెప్పనీకి? అన్నంల చెయ్యి పెట్టి తిన్న అని గూడ చెప్తమా?"

రవీంద్ర తన కప్పు పక్కన పెట్టేశాడు. అతని ముఖంలో రంగు మారింది. పోటీదారుడే గానీ మొద్దు కాదు.

"అంటే నరేశ్ శేఠ్ ముందర పెట్టింది..."

"లస్సీయే. మొదటి రోజు నుంచి వాడు చెబుతున్నది అదే. ఆ లస్సీ శేఠ్ చేతిలోంచి రాజనర్సు కాక ముందుకు వచ్చింది. కాక చక్కెర జబ్బు మనిషి గనక తాగలేదు, నిండుగా మిగిలింది. కాక మజ్జిగ శేఠ్ ముందుకు పోయింది. నరేశ్ పెట్టిన గ్లాసులో ఏ మందూ లేదు రవీంద్రా. ఉంటే నీ ఫొటోలో నిండుగా కనిపిస్తున్న ఆ లస్సీలో ఉండాలి."

"కానీ ఆ మజ్జిగ గూడ నరేశే తెచ్చి ఉండొచ్చు గదా."

"తేలేదు" అన్నాడు రాజనర్సు. ఈసారి ఆయనకు బాగానే వినిపించింది. "ఆ పోరని పళ్లెంల మజ్జిగే లేకుండె. నేనే అడిగిన, చక్కెర లేంది ఏమన్న ఉందా అని. తెస్త తాతా అని చెప్పి పోబోతుంటే, వద్దు నేను చూస్కుంట అన్నరు వేరేటోళ్లు."

"వేరేటోళ్లు ఎవరో తర్వాత చూద్దాం. ముందు కుర్రాడు బయటికి రావాలి. రవీంద్రా, ఇన్‌స్పెక్టరుకు ఫోను నువ్వే చెయ్యి. నేను చేస్తే క్లయింటు కోసం చెప్పిందనుకుంటాడు. వాణ్ని పట్టించిన నోటితోనే విడిపించాలి."

రవీంద్ర ఒక్క క్షణం తటపటాయించాడు. తన పొరపాటును తన గొంతుతోనే చెప్పుకోవడం ఎవరికి మాత్రం తీపి? అయినా ఫోను తీశాడు. హిందీలో, మధ్య మధ్య గుజరాతీలో, పూసగుచ్చినట్టు చెప్పాడు. రాజనర్సు చేత కూడా చెప్పించాడు. అవతల చాలాసేపు ప్రశ్నలు నడిచాయి. బుచ్చిరాములు కుర్చీ అంచున కూర్చుని రవీంద్ర పెదవుల వైపే చూస్తున్నాడు.

ఫోను పెట్టేసి రవీంద్ర ఆయన వైపు తిరిగాడు. "కోర్టుకు పంపుతలేరు. ఇన్‌స్పెక్టర్ సాబ్ ఈడికి వస్తున్నడు. వీళ్ల మాట రాసుకోంగనే నరేశ్‌ను ఇంటికి పంపిస్తనన్నడు. మాఫ్ చెయ్యి కాకా. గల్తీ నాది."

బుచ్చిరాములు మెడలోని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. రాజనర్సు ఆయన వీపు నిమురుతూ ఉండిపోయాడు. విజయశ్రీకి చల్లారిన టీ కూడా అమృతంలా దిగింది. కాస్త తేరుకున్నాక బుచ్చిరాములు ఇంటికి ఫోను చేసి, "పొయ్యి ముట్టియ్యి. పోరడు వస్తుండు" అన్నాడు భార్యతో. అవతల వెంకటవ్వ ఏమందో గానీ ఆయన ఏడుపులోంచే నవ్వాడు.

అదేం గడియో గానీ, మంచి కబురు వెంట మంచి కబురు. రాజనర్సు ఫోను మోగింది. చెవులు సరిగా వినపడవు గనక ఆయన ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు. ఆస్పత్రి నుంచి పద్మారాణి.

"అన్నా, ఆయన కండ్లు తెరిచిండు. డాక్టరు ఇంక భయం లేదన్నడు."

"దేవుడున్నడు చెల్లె. ఏమన్న మాట్లాడిండా?"

"మాట్లాడిండు. నన్నడగలే, పిల్లల్నడగలే. రాజనర్సు మంచిగున్నడా, నా గ్లాసు వాడు తాగిండా అని అడిగిండు. మీ జోడీ పాడుగాను." పద్మారాణి గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి.

రెస్టారెంటులో ఉన్న నలుగురూ నవ్వారు. రవీంద్ర కూడా నవ్వాడు. ఫోను పెట్టేసిన రాజనర్సు కళ్లు తుడుచుకుంటూ, "నా పాలుకు వచ్చింది ఆయన తాగి పండుకున్నడు పాపం" అన్నాడు.

ఆ మాట అన్నాక నవ్వు ఆయన ముఖం మీదే ఆరిపోయింది. విజయశ్రీ ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంకో ప్రశ్న మిగిలే ఉందని ఆవిడ మరిచిపోలేదు.

"కాకా, నిన్ను పడుకోబెట్టాలని ఎవరికి ఉంటుంది?"

"నాకెవరు పగోళ్లు బిడ్డా? సాంచాలు బిగిచ్చుకుంట బతికేటోణ్ని."

"ఆ రాత్రి విందులో సాంచాల గురించి ఏమైనా అన్నావా?"

రాజనర్సు ఆలోచించాడు. "జోల్వాల దించిన కొత్త సాంచాల దగ్గరికి పోయిన ముందురోజు. కవర్లు ఇప్పనియ్యలే. పూజ అయ్యేదాక ముట్టద్దన్నరు. కానీ వాసన దాగుతదా? కొత్త రంగు కింద పాత నూనె వాసన. నర్సింగంతోటి అన్న, పొద్దుగాల్నే నేను పోయి ఇప్పి చూస్త అని. అంతే."

"ఆ సాంచాలు కొన్నది ఎవరు?"

రాజనర్సు తల దించుకుని తువ్వాలు అంచు సర్దుకున్నాడు. రవీంద్ర మాత్రం ఫోనులో కెమెరా రికార్డు తెరిచి, గబగబా వెనక్కి జరిపి, బల్ల మీద ముగ్గురి మధ్యా పెట్టాడు.

"ఈ ముక్క నేను పదిసార్లు చూసిన. మంచి పిల్లగాడు, పెద్దోళ్లంటే ఎంత ఇజ్జత్ అనుకున్న" అన్నాడు.

తెర మీద, స్తంభం వెనక నుంచి ఖరీదైన నీలం కోటు వేసుకున్న యువకుడు వచ్చాడు. చేతిలో తెల్లటి గ్లాసు. నడుస్తూనే చెంచాతో కలుపుతున్నాడు. గ్లాసు రాజనర్సు ముందు పెట్టి, వంగి ఆయన కాళ్లకు దండం పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు మురిసిపోయారు. ఆ తర్వాత ఫోను మాట్లాడుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. చప్పట్లు కొట్టినప్పుడు లేడు, గ్లాసులు మారినప్పుడూ లేడు.

మహేశ్. నర్సింగం ఒక్కగానొక్క కొడుకు. కొత్త సాంచాలకని తండ్రి దగ్గర డబ్బు తీసుకుని జోల్వాకు కొన్నదీ అతనే. రవీంద్రను పెట్టుకుని, నరేశ్ సంగతి చూడమని మొదటి రోజే చెవిలో వేసినవాడు.

"నా కొడుకును సాంచా మీద నిలబెట్టను అంటుండె నర్సింగం" రాజనర్సు మెల్లగా అన్నాడు. "కార్ఖానాల అడుగు పెట్టనియ్యలే. మంచి ఇస్కూళ్లు చదివిచ్చిండు. మా రివాజులు వానికేం తెల్సు?"

ఆ బల్ల దగ్గర కూర్చున్న వాళ్లందరిలో ఆ రెండు గ్లాసులు మారతాయని తెలియనివాడు మహేశ్ ఒక్కడే. ఆ సంగతి విజయశ్రీ పైకి చెప్పాల్సిన పని లేకపోయింది. బుచ్చిరాములు కూడా అర్థం చేసుకుని స్నేహితుడి భుజం మీద చెయ్యి వేశాడు.

రాజనర్సు ఫోను మళ్లీ మోగింది. తెర మీద పేరు చూసి ఆయన విజయశ్రీ వైపు చూశాడు. ఎత్తమని ఆవిడ తల ఊపింది. స్పీకరులోంచి మహేశ్ గొంతు హుషారుగా వచ్చింది.

"కాకా, హోటల్‌ల ఉన్నవంట గదా. కింద కార్ల ఉన్న. బాపు కండ్లు తెరిచిండు, ఆ ఖుషీల ఇయ్యాల్నే జోల్వా పోయి సాంచాలు చాలూ చేద్దాం. ఎవ్వరికి చెప్పకు, జనం జమైతరు. నువ్వొక్కనివే రా. మస్తు ఎండ గదా, నీ కోసం మజ్జిగ గూడ తెచ్చిన. చక్కెర లేకుంట."

రవీంద్ర అప్పటికే లిఫ్టు వైపు పరుగెత్తాడు. విజయశ్రీ మహేశ్‌ను మాటల్లో పెట్టమని సైగ చేసింది. రాజనర్సు ఫోను నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన పిల్లవాడి గొంతు అది. తర్వాత తువ్వాలు భుజం మీద సర్దుకుని, ఎప్పటిలాగే ప్రేమగా అన్నాడు.

"వస్తున్న బిడ్డా. ఒక్క మాట. మీ నాయిన ఆస్పత్రిల ఉన్నడు గద, ఇయ్యాల నువ్వే నా జోడీదారువు. మా సాంచాల కాడ ఒక రివాజు ఉంది. చేతికొచ్చిన గ్లాసు జోడీదారుది. ఆ మజ్జిగ ముందుగాల నువ్వు తాగాలె. నేను వచ్చి ఎదురుంగ కూసుంట, తాగుతవా?"

అవతల నుంచి కారు స్టార్టయిన చప్పుడు మాత్రం వినిపించింది.